సీలు తోలు బూట్లకు పసుపు

డెబ్బై ఏళ్లు దాటేదాకా నేను సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసేదాన్ని. ఎందుకు చదువుకోలేదని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: నా చేతులు ఎప్పుడూ ఖాళీగా లేవు. మాది చీరాల దగ్గర నేతపని చేసుకునే ఇల్లు. అమ్మ పోయేనాటికి తమ్ముడు రాఘవకు ఏడాది నిండలేదు. వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని నాన్న మగ్గానికి కండెలు చుట్టేదాన్ని. వాడు బడికి పోయే వయసొచ్చాక అన్నం గిన్నె పట్టుకుని బడి అరుగు మీద కూర్చునేదాన్ని. లోపల పిల్లలు వల్లించే ఎక్కాలూ పద్యాలూ నాకు నోటికి వచ్చేశాయి, అక్షరాలు మాత్రం గోడకు అవతలే ఉండిపోయాయి. తర్వాత పెళ్లి, నాలుగేళ్లకే ఆయన పోవడం, మళ్లీ తమ్ముడి దగ్గరికే రావడం. వాడు డాక్టరై అమెరికా వెళ్లి, పెళ్లి చేసుకుని, బిడ్డ పుట్టగానే నన్ను రప్పించుకున్నాడు. "కూర్చో అక్కా, నెల రోజుల్లో నేర్పేస్తా" అని వాడు ఎన్నిసార్లన్నాడో. "ముందు నీ కూతురికి నేర్పు" అని నవ్వేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. నిజం చెప్పాలంటే సిగ్గు. నేను పాలు పట్టి పెంచినవాడి ముందు పలక పట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు నేను ప్లేనోలో, ఆ కూతురు సుజాత ఇంట్లో ఉంటున్నాను. నా మేనకోడలు. దాని కూతురు నీలూకి ఎనిమిదేళ్లు. ఆదివారాలు నీలూని తెలుగు క్లాసులో దింపి సుజాత కూరగాయలకు వెళ్తుంది, నేను తోడుగా వెనక కుర్చీలో కూర్చుంటాను. మూడేళ్ల కిందట ఒక ఆదివారం పంతులమ్మ, నాకు కూతురి వయసుది, ఊరికే కూర్చున్నారెందుకని నాకూ ఒక పుస్తకం, పెన్సిలూ ఇచ్చింది. పక్కన ఉన్నవాళ్లంతా ఆరేళ్లవాళ్లు, ఏడేళ్లవాళ్లు. వాళ్ల ముందు నాకు సిగ్గెందుకో వేయలేదు. "అమ్మమ్మా, నీ 'అ' స్నెయిల్‌లా ఉంది" అంది నీలూ. "మెల్లగా వెళ్తుంది లేవే, ఎక్కడికి పోతుంది" అన్నాను. అలా మెల్లగానే వెళ్లి ఇక్కడిదాకా వచ్చింది.

పోయిన నెల గరాజ్ సర్దుతుంటే ఒక పాత రేకు పెట్టె కనిపించింది. సుజాత మూత తీసి ముక్కు మూసుకుంది.

"అత్తా, ఇవేంటి? అబ్బా, ఈ స్మెల్! ఏదైనా చచ్చిందా ఇందులో?"

లోపల పాత చీర ముక్కలో చుట్టిన బూట్లు, అయిదేళ్ల పిల్లవి. పై భాగం గోధుమరంగు బొచ్చు, అడుగున సీలు అనే మంచు సముద్రపు జంతువు తోలు. ఒక్కో బూటుకు ఒక్కో నేత పట్టీ చుట్టి ఉంది. ఒక పట్టీ పాతది, ఎరుపూ నీలమూ పసుపూ కలిసిన మెలికల ముగ్గుతో. రెండోది కూడా ఆ రంగులే, కానీ ముగ్గు వేరు. మా చీరాల వైపు చీర అంచుల్లో ఉండే గుడి ముగ్గు.

"జత కుదర్లేదేంటి? ఈ ఎల్లో మరకేంటి, పెయింటా?"

"పసుపు."

"బూట్లకు పసుపెవరు రాస్తారు అత్తా?"

"నేనే. నీవే ఇవి."

దానికి ఏమీ గుర్తు లేదు. అప్పుడు దానికి అయిదేళ్లు, గుర్తుండకపోవడంలో తప్పు లేదు. కానీ గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. రాఘవ పోయి రెండేళ్లయింది. వాడి భార్య విమలకు ఈ మధ్య నా పేరే గుర్తుండటం లేదు. అందుకని రోజుకొక పేజీ చొప్పున ఇది రాస్తున్నాను.

కోట్సెబ్యూ అలాస్కాలో ఒక చిన్న ఊరు. సముద్రంలోకి నాలుకలా చాచిన గులకరాళ్ల తిన్నె మీద ఉంటుంది. రోడ్డు మీద అక్కడికి చేరలేం, విమానమే దిక్కు. రాఘవ అక్కడి ఆసుపత్రిలో డాక్టరు, నా మరదలు విమల ల్యాబులో పని. అది డెబ్బైల చివర. చలికాలంలో సూర్యుడు మధ్యాహ్నం అన్నాల వేళకు వచ్చి, నేను అంట్లు తోమేలోపు వెళ్లిపోయేవాడు. కందిపప్పూ చింతపండూ షికాగోలో ఉన్న విమల పిన్నిగారు పార్సిల్ చేసేవారు. ఆ పార్సిల్ విప్పిన రోజు ఇంట్లో ఇంగువ వాసన గుప్పుమనేది, పక్కింటి పిల్లలు తలుపు దగ్గరే ముక్కు మూసుకుని కేకలు పెట్టేవాళ్లు. వాళ్లింట్లో సీలు నూనె వాసనకు నేనూ అలాగే ముక్కు మూసుకునేదాన్ని. కొన్నాళ్లకు ఇద్దరి ముక్కులూ అలవాటు పడ్డాయి.

ఆ పక్కిల్లు ఆనాది. ఆనా అంటే వాళ్ల భాషలో నాయనమ్మ, అమ్మమ్మ, ఏదైనా. ఊళ్లో అందరూ అలాగే పిలిచేవారు కాబట్టి మేమూ అలాగే పిలిచాం. వాళ్లను అప్పట్లో అందరూ ఎస్కిమోలనేవారు. ఆ మాట అనకూడదనీ ఇనూయిట్ అనాలనీ సుజాత నాకు చెప్పింది. ఆనా తనను తాను ఇన్యుపియాక్ అని చెప్పుకునేది, అది ఇనూయిట్లలో ఆ వైపు వాళ్ల పేరు. కానీ అది తల్లి వైపు. తండ్రి సామీ మనిషి. నార్వే దేశపు ఉత్తరపు కొసన, ఇలాగే మంచులో, రెయిన్‌డీర్ అనే జింకల మందలు మేపుకునే జనం సామీలు. మందలు మేపడం ఇక్కడివాళ్లకు నేర్పమని ఆ రోజుల్లో సర్కారు కొందరిని ఓడ ఎక్కించి తెచ్చిందట. ఆనా తండ్రి పిల్లవాడిగా అలా వచ్చి, ఇక్కడి పిల్లను చేసుకుని ఉండిపోయాడు.

సుజాతకు మూడో ఏడు రాగానే ఆ ఊరు వెళ్లాం, వెళ్లిన వారం రోజులకు మా ఇంట్లో నూనె స్టవ్ ఆరిపోయింది. దాన్ని వెలిగించడం నాకు తెలియదు. పొగ గొట్టంలో పొగ లేదని చూసి ఆనా తలుపు తోసుకుని వచ్చేసింది. అక్కడ ఎవరూ తలుపు తట్టరు. చీర మీద రెండు స్వెట్టర్లు, సాక్సుల మీద హవాయి చెప్పులు వేసుకుని నిలబడ్డ నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. కానీ లోపలికి వచ్చే ముందు బయటి గదిలో బూట్లు విప్పి పక్కకు పెట్టింది. అమెరికాలో ఎవరూ చెప్పకుండా చెప్పులు విప్పి నా ఇంట్లోకి వచ్చిన మొదటి మనిషి ఆమె. స్టవ్ వెలిగించి, కూర్చుని, నేనిచ్చిన కాఫీ సాసర్లో పోసుకుని, చక్కెర బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని జుర్రింది. మా నాన్న మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని టీ అలాగే సాసర్లో తాగేవాడు. ఆనా అది తన తండ్రి దగ్గర నేర్చుకుందట. నాకు ఆమె మాట ఒక్కటీ అర్థం కాలేదు. కానీ ఆ సాసరు చూశాక పరాయి ఇల్లనిపించలేదు.

మా ఇద్దరికీ మధ్య మాట నడిపేది సుజాత. నాతో తెలుగు, బయట పిల్లలతో ఇంగ్లీషు, ఆనా ఇంట్లో ఆ ఇంటి మాటలు. మూడేళ్లప్పటి నుంచీ ఇటు విని అటు చెప్పేది. నేను "సూది ఉందేమో అడుగు" అంటే అడిగేది, ఆనా ఏదో పెద్ద కథ చెబితే "ఉందట" అనేది. నన్ను అది "అత్తా" అని పిలవడం విని ఆనా ఇంట్లోవాళ్లంతా నన్ను అత్త అనే పిలిచేవారు. ఊళ్లో పోస్టాఫీసు ఆయన కూడా "గుడ్ మార్నింగ్, అత్తా" అనేవాడు.

అక్కడ ప్రతి ఇంటికీ ముందు ఒక చిన్న చలిగది ఉంటుంది. కనిచక్ అంటారు. బయటి చలి లోపలికి కొట్టకుండా, బూట్లూ పెద్ద కోట్లూ విప్పుకోవడానికి. ఆనా కనిచక్‌లో గోడకు వరసగా మేకులుండేవి, కోట్లు తగిలించడానికి. ఆ వరస చివర ఒక మేకు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆనాకు ముగ్గురు మనవలు. స్కూలు నుంచి రాగానే బూట్లు విప్పి, కోటు తగిలించి, తర్వాత నోటి దగ్గర నుంచి ఏదో తీసినట్టు చెయ్యి పెట్టి, ఆ ఖాళీ మేకుకు తగిలించి లోపలికి వచ్చేవాళ్లు. అది ఇంగ్లీషు. పొద్దున వెళ్లేటప్పుడు మళ్లీ తీసుకుని పోయేవాళ్లు. ఎవరైనా మరిచిపోతే ఆనా కోప్పడేది కాదు, ఆమెకు చెవుడు వచ్చేది. చిన్న మనవడు ఆకలి మీద "ఆనా, మోర్ ఫిష్! మోర్ ఫిష్!" అని అరిచేవాడు. ఆమె కిటికీ వైపు చూసి, చెవి గోక్కుని, గాలి వీస్తోందా అన్నట్టు తలాడించేది. వాడు విసుక్కుంటూ కనిచక్‌లోకి పరిగెత్తి, మేకుకు తగిలించి వచ్చి, ఇంటి భాషలో అడిగేవాడు. అప్పుడు రెండు ముక్కలు పడేవి. సుజాత కూడా ఆ ఇంటికి వెళ్తే మేకుకు తగిలించే లోపలికి వచ్చేది. అందకపోతే నేను ఎత్తుకునేదాన్ని. దాన్ని ఎత్తుకుని, నాకు లేని ఇంగ్లీషు నేనూ తగిలించినట్టు చేసేదాన్ని. ఆనా పకపకా నవ్వేది.

ఒక్క ఎస్తేర్ తగిలించేది కాదు. ఎస్తేర్ ఆనా కూతురు, ఆ పిల్లల తల్లి, ఆసుపత్రిలో రికార్డులు చూసేది. తల్లి మాట్లాడితే మొత్తం అర్థమయ్యేది, జవాబు ఇంగ్లీషులో ఇచ్చేది. ఆమె విషయంలో మాత్రం ఆనాకు చెవుడు వచ్చేది కాదు. ఎందుకో తర్వాత తెలిసింది. ఎస్తేర్‌ను చిన్నప్పుడు చదువు కోసం దూరం పంపారు. అక్కడ ఇంటి భాష మాట్లాడితే దెబ్బలు. ఆ దెబ్బలు తప్పించాలని సెలవుల్లో ఇంటికి వచ్చిన కూతురితో ఆనాయే, వచ్చీ రాని ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆ ఏడు సుజాతను స్కూల్లో వేశారు. రెండు నెలలకు టీచరు రాఘవనూ విమలనూ పిలిపించింది. మంచి మనిషే, కోపంగా ఏమీ చెప్పలేదు. పిల్ల క్లాసులో నోరు విప్పడం లేదనీ, విప్పితే మూడు భాషలు కలిపేస్తోందనీ, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడితే త్వరగా దారిలో పడుతుందనీ చెప్పిందట. ఆ సాయంత్రం విమల నా పక్కన కూర్చుంది.

"వదినా, మీరు తప్పుగా అనుకోకండి. కొన్నాళ్లే. ల్యాబులో నేను ఒక్కో ముక్క మూడుసార్లు చెప్పాలి. ఎదుటివాళ్లు 'పార్డన్?' అంటుంటే ప్రాణం చచ్చిపోతుంది. దానికి ఆ గతి వద్దు."

"మరి నేను దానితో ఎలా మాట్లాడను విమలా?"

"మీక్కూడా నేర్పిస్తాం కదా" అన్నాడు రాఘవ. వాడు నా వైపు చూడకుండా అన్నాడు.

నాకు వచ్చిన ఇంగ్లీషు పదిహేను మాటలుంటుంది. గుడ్ మార్నింగ్, గెటప్, ఈట్, నో, కోల్డ్. పొద్దున లేపడం, తల దువ్వడం, తినిపించడం, పడుకోబెట్టడం, అంతా ఆ పదిహేను మాటల్లోనే. మొదటి రోజు అది నవ్వింది. రెండో రోజు తెలుగులో ఏదో అడగబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. వారం తిరిగేసరికి నన్ను అడగడం మానేసింది. నీళ్లు కావాలంటే తనే స్టూలు లాక్కుని తీసుకునేది. పుట్టినప్పటి నుంచీ నా భుజం మీద పెరిగిన పిల్ల. దాని దగ్గర నాకు చెప్పడానికి ఏమీ లేకుండా పోయింది. మొగుడు పోయిననాడు కూడా నాకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. ఇది వాళ్లకు చెప్పలేదు. చదువుకున్నవాళ్లు, వాళ్లకు తెలుసనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆనా సుజాతకు బూట్లు కుట్టి ఇచ్చింది. మక్లక్కులంటారు. ఆ వేసవి నుంచీ కుడుతోంది. రెయిన్‌డీర్ కాలి తోలు పైకి, సీలు తోలు అడుగుకు, లోపల ఎండుగడ్డి పరుపు. దారం కూడా జంతువు నరమే, తడిస్తే ఉబ్బి సూది కన్నాలు మూసేస్తుంది, నీళ్లు చొరబడవు. ఆ బూట్లకు చీలమండల దగ్గర చుట్టడానికి ఒక పట్టీ తెచ్చింది. రెండోది ఎప్పుడో పోయిందట, దాని బదులు మామూలు తాడు కట్టింది.

నేనేం చేశానంటే, కొత్త వస్తువు కదా, పైగా ఆ వాసన కదా, వేడినీళ్లలో సబ్బు వేసి శుభ్రంగా ఉతికాను. ఉతికి, కొత్త బట్ట కట్టే ముందు మూలకు పసుపు పెట్టినట్టు ఒక్కోదానికి మడమ దగ్గర పసుపు రాశాను. రాసి, తొందరగా ఆరాలని స్టవ్ మీది కమ్మీకి వేలాడదీశాను. సాయంత్రానికి అవి చెక్కబొమ్మల బూట్లయ్యాయి. అడుగు తోలు అప్పడంలా ముడుచుకుపోయింది. వేలితో కొడితే టకటకమన్నాయి.

అయిదు నెలల పని. మర్నాడు సుజాతకు స్కూలు సెలవు. దాన్ని వెంటబెట్టుకుని, బూట్లు కొంగు కింద దాచుకుని వెళ్లాను. కనిచక్‌లో సుజాత మేకు వైపు చూసి, చెయ్యి ఎత్తకుండా లోపలికి వచ్చేసింది. ఆనా అది చూసింది. తర్వాత బూట్లు చూసింది. వాసన చూసింది. పసుపు మీద వేలు పెట్టి నాకేసి చూసింది. పసుపు ఎందుకో చెప్పమని సుజాత వైపు తిరిగాను. అది తల దించుకుని తివాచీ పోగులు పీకుతోంది. ఆ ఇంట్లో దానికి మాట పడిపోవడం అదే మొదటిసారి. ఆనా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా ఎస్తేర్‌ను కేకేసింది.

వచ్చీ రాని సైగలతో ఎస్తేర్ నాకు విషయం చెప్పింది. కుట్లు విప్పి, అడుగు తోలు తడిపి, మళ్లీ మెత్తబరచాలి. మెత్తబరిచే పద్ధతి ఒకటే, నమలడం. ఆనా నోరు తెరిచి చూపించింది. జీవితమంతా నమిలి నమిలి ఆమె పళ్లు చిగుళ్ల దాకా అరిగిపోయి ఉన్నాయి. తర్వాత నా దవడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి, గుర్రాన్ని బేరం చేసినట్టు పళ్లు చూసి, తృప్తిగా తలూపింది.

ఆయన పోయినప్పటి నుంచీ నేను నీచు ముట్టలేదు. పదేళ్లు. ఎస్తేర్‌కు అది తెలుసు. "అత్తా, నో?" అంది జాలిగా. నేను ఆ తోలు వైపు చూశాను. తినడం కాదు కదా, పని కదా అనుకున్నాను. పాడు చేసినదాన్ని నేనే బాగు చేయాలి. కొంగుతో కళ్లు తుడుచుకుని అంచు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పగా, కమురుగా, చేప వాసన. ఆనా నా వీపు మీద చరిచింది. అంచెలంచెలుగా కొరుకుతూ పోవాలి, పూరీ అంచు నొక్కినట్టు, మడత మడతకూ సమంగా. అరగంటకు చేయి తిరిగింది, అంటే పన్ను తిరిగింది. ఆనా రెండో బూటు కుట్లు విప్పుతూ ఏదో అంది. ఎస్తేర్ నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పింది. సుజాత నవ్వాపుకోలేక మూతి మూసుకుంది, కానీ నాకు చెప్పలేదు.

మూడు రోజులు పట్టింది ఆ పని. మధ్యలో దవడ నొప్పి పుట్టినప్పుడు గోడ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఆ గోడకు ఎముకతో చేసిన దువ్వెన లాంటిది ఒకటి వేలాడుతుండేది. వరసగా సన్నని పుల్లలు, పుల్లల మధ్య సందులు, ఒక్కో పుల్ల నడుమ ఒక కన్నం. అప్పటిదాకా బొమ్మ అనుకున్నాను. రెండో రోజు దాన్ని చేతిలోకి తీసుకున్నాక తెలిసింది. అది మగ్గం. సగం పోగులు సందుల్లోంచి, సగం కన్నాల్లోంచి. ఎత్తితే ఒక వరస పైకి, దించితే కిందికి. చేతిలో పట్టేంత మగ్గం, పట్టీలు నేసేది. నేను పాత స్వెట్టరు పోగులు అడిగి, పడుగు తొడిగి, ఒక కొస తలుపు పిడికీ ఒక కొస నా నడుముకూ కట్టుకుని రెండు వేళ్ల మేర నేసేసరికి, పొయ్యి దగ్గరున్న ఆనా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ ముగ్గు నాకు రాదు. నా చేతికి వచ్చిన గుడి ముగ్గే వేశాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, పోగులు ఎంత బిగువుండాలో చేత్తో నొక్కి చెప్పింది. నేస్తున్నంతసేపూ నోట్లో ఏదో కూనిరాగం తీసింది, మాటల్లేకుండా, ఒకే వరస తిప్పి తిప్పి. ఆమె తండ్రి ఒక్కో బిడ్డకు ఒక్కో రాగం కట్టేవాడట. అది ఆమె గురించిన పాట కాదు, ఆమే ఆ రాగమట.

మూడో రోజు సాయంత్రం బూట్లు పూర్తయ్యాయి. రాఘవ మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. కోటు మీది మంచు దులుపుకుంటూ, "ఇదేంటక్కా, మూతి వాచిందేంటి?" అని, విషయం విని పడిపడి నవ్వాడు. ఆనా నవ్వలేదు. వాణ్ని కూర్చోమని, కాఫీ పోసి, చెప్పడం మొదలుపెట్టింది. ఆమె తన భాషలో నాలుగు మాటలు అనేది. ఎస్తేర్ ఇంగ్లీషులో రాఘవకు చెప్పేది. రాఘవ తెలుగులో నాకు చెప్పేవాడు.

"ఈ మగ్గం వాళ్ల నాన్నగారి అక్కదట. ఆవిడా ఆ ఓడలోనే వచ్చిందట. పెళ్లి చేసుకోలేదు. వాళ్ల నాన్న మందతో నెలలు నెలలు కొండల్లో ఉండేవాడు. తమ్ముడి పిల్లలు ఆరుగుర్నీ ఆవిడే పెంచింది." వాడు కాఫీ ఒక గుక్క తాగాడు. "ఆవిడకి సామీ మాట తప్ప ఇంకోటి రాదట. పిల్లలు చిన్నప్పుడు ఆ మాటే మాట్లాడేవాళ్లట. బడికెళ్లాక సిగ్గేసిందట. ఆవిడ ఆ భాషలో అడిగితే వీళ్లు బడిలో నేర్చిన అరకొర ఇంగ్లీషులో జవాబు చెప్పేవాళ్లట. కొన్నాళ్లకి ఆవిడ..."

ఆగిపోయాడు.

"చెప్పరా" అన్నాను.

"అడగడం మానేసిందట. ఆ తర్వాత పదకొండేళ్లు బతికిందట, అక్కా. ఈ ఇంట్లోనే. పట్టీలు నేసుకుంటూ."

ఆనా ఇంకొక్క మాట అంది. ఎస్తేర్ ఇంగ్లీషులో చెప్పింది, చెప్పి కిటికీ వైపు తిరిగిపోయింది. రాఘవ చెప్పలేదు. సాసరు చేతిలో పట్టుకుని దానిలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను వాడి మొహం చూస్తూ ఎదురుచూస్తున్నాను. అప్పుడు నా మోకాలి మీద చిన్న చెయ్యి పడింది.

"ఆ అత్త చచ్చిపోయేటప్పుడు ఏదో చెప్పిందట అత్తా. ఎవ్వరికీ అర్థం కాలేదట" అంది సుజాత.

ఇంటికి నడిచినంతసేపూ రాఘవ దాన్ని ఎత్తుకునే ఉన్నాడు. భోజనాల దగ్గర విమలతో అన్నాడు, "రేపటి నుంచి ఇంట్లో తెలుగే."

"మరి స్కూల్లో నోరు విప్పకపోతే?"

"స్కూల్లో టీచరుంది. ఇక్కడ అక్క ఉంది."

విమల చాలాసేపు అన్నం కెలికింది. "నాకేం సరదానా, దాని నోరు కట్టేయడం" అంది చివరికి. కళ్లు తుడుచుకుని, "ముందు మీరు మొదలుపెట్టండి. 'పాస్ ద రైస్' అనడం మానేసి అన్నం అని అడగండి, పెడతాను" అంది. రాఘవ సుత్తి తీసుకుని బయటి గదిలోకి వెళ్లాడు.

అయిదేళ్లు ఉన్నాం ఆ ఊళ్లో. ఎనభైల్లో మిషిగన్ వచ్చేశాం. ఆనా పోయినప్పుడు ఎస్తేర్ ఫోన్ చేసింది. తర్వాత ఒక క్రిస్మస్ కార్డులో, తన వంటింట్లో మనవల పక్కన కూర్చుని తల్లి భాష పలకడం నేర్చుకుంటున్నానని రాసింది, అప్పుడు నాకు విమల చదివి పెట్టింది. ఇక్కడ ప్లేనోలో బయటి గది అంటూ ఏమీ లేదు. గరాజ్ తలుపు పైకి లేస్తుంది, కారుతో సహా ఇంట్లోకి వచ్చేస్తాం, చెవిలో ఆఫీసు ఫోను ఉండగానే. ఎక్కడ విప్పాలో, ఏది విప్పాలో తెలియదు. ఎవరినీ తప్పు పట్టను. సుజాత తెలుగు మాట్లాడుతుంది, కాస్త అమెరికా యాసతో, కానీ గలగలా మాట్లాడుతుంది. చదవడం రాదు. నీలూకి చదవడం వచ్చు, చదివింది సగం అర్థం కాదు. నేను రాసిన ఈ పేజీలు రాత్రి అన్నాలయ్యాక నీలూ కూడబలుక్కుంటూ పైకి చదువుతోంది, సుజాత విని దానికి అర్థం చెబుతోంది. నిన్న రాఘవ ఆగిపోయిన చోటికి వచ్చేసరికి సుజాత కూడా ఆగిపోయింది. "దెన్ వాట్, అమ్మా?" అని నీలూ అడుగుతూనే ఉంది.

కోట్సెబ్యూలో, ఇంట్లో తెలుగే అని రాఘవ అన్న మర్నాడు పొద్దున ఎప్పటిలాగే చీకటిగా ఉంది. నేను స్టవ్ పెంచి, పాలు కాచి, సుజాత పక్కలో కూర్చున్నాను. మూడు వారాలుగా అంటున్న గుడ్ మార్నింగ్ అనలేదు. "లే తల్లీ, తెల్లారింది" అన్నాను.

అది ఒక కన్ను తెరిచి కిటికీ చూసింది. "అబద్ధం. ఇంకా చీకటే."

"చీకటైనా తెల్లారింది. లే."

తల దువ్వుతూ కథ చెప్పాను, నేను తోలు నమిలిన మొదటి రోజు ఆనా ఏమని నవ్వించిందో దాని చేత చెప్పించుకున్నాను. నా పళ్లు ఊడాక వాటిని తనకిమ్మని అడిగిందట. మక్లక్కులు తొడిగి, ఒక కాలికి ఆ సామీ అత్త నేసిన పాత పట్టీ, ఒక కాలికి నా పట్టీ చుట్టాను. బయటి గదిలో కోట్ల పక్కన రాఘవ కొట్టిన కొత్త మేకు ఉంది. వాడు తన ఎత్తుకు కొట్టాడు. సుజాత మునివేళ్ల మీద లేచి చెయ్యి చాచింది, అందలేదు. నేను ఎత్తుకున్నాను. అది మేకు మీద నుంచి ఇంగ్లీషు తీసుకుని కోటు జేబులో వేసుకుంది. తర్వాత కిందికి దిగి, తలుపు తీసి, "వెళ్లొస్తా అత్తా" అంది.